ఆరు అక్షరాలతో మొదలుపెట్టండి: చిన్నపిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పే పద్ధతి

ఒకటో తరగతి సగంలో ఒక పిల్లవాడు మా బడికి మారి వచ్చాడు. వాళ్ల నాన్నకు రొయ్యల చెరువు దగ్గర పని దొరికి, సింగరాయకొండ పక్కకు వచ్చి కాపురం పెట్టారు. వాడికి అక్షరాలన్నీ వచ్చని వాళ్లమ్మ ధీమాగా చెప్పింది. గోడ మీది వర్ణమాల పటంలో 'మ' మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగాను. పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. వంగి వింటే క, ఖ, గ, ఘ అంటూ మొదటి నుంచి వస్తున్నాడు. కళ్లు పటం మీద వరస వరసా దిగుతున్నాయి. ప, ఫ, బ, భ దాటి "మ!" అని గెలిచినట్టు నవ్వాడు. అదే అక్షరాన్ని పలక మీద రాసి చూపిస్తే, ఎన్నడూ ఎరగని మనిషిని చూసినట్టు చూశాడు.

వాడికి వచ్చినది పాట. ఆ పాటనే రోజూ పేజీలకు పేజీలు రాయించారు కూడా. పుస్తకం తెరిస్తే రాత ముత్యాల్లా ఉంది. చదవమంటే ఒక్క మాట రాదు.

ఒకటో తరగతికి చాలా ఏళ్లు పాఠం చెప్పిన దాన్ని కాబట్టి ఇలాంటి పిల్లలు నాకు కొత్త కాదు. మనం నేర్పే వరసే తలకిందులుగా ఉంది. చేతికి ముందు పని పెడతాం, ఆ తర్వాత కంటికి, చెవి సంగతి అసలు తలచుకోం. నేను దీన్ని తిప్పి చేశాను: ముందు చెవి, తర్వాత కన్ను, అందరికంటే చివర చేయి. ఇంట్లో నేర్పే తల్లిదండ్రులకైనా, అంగన్‌వాడీలో నేర్పే వారికైనా ఈ వరస పనికొస్తుంది.

ముందు చెవి

మూడు, నాలుగేళ్ల పిల్లలకు పలక అక్కర్లేదు. వాళ్లకు ముందు తెలియాల్సింది ఒకటే: మాట అనేది ముక్కలుగా విరుగుతుంది. పడవ అంటే ప, డ, వ. ఒక్కో ముక్కకు ఒక్కో చప్పట్టు. దీనికి ఖర్చు లేదు, పుస్తకం లేదు. అన్నం కలుపుతూ, జడ వేస్తూ కూడా ఆడించవచ్చు.

మా వైపు పిల్లలకు దీనికంటే మంచి ఆట రైల్లో దొరుకుతుంది. నెల్లూరు నుంచి ఒంగోలుకు ప్యాసింజరు ఎక్కితే పడుగుపాడు, కొడవలూరు, తలమంచి, బిట్రగుంట, కావలి, తెట్టు, ఉలవపాడు, సింగరాయకొండ, టంగుటూరు ఒక్కొక్కటే వస్తాయి. స్టేషను రాగానే పేరు చెప్పి చప్పట్లు కొట్టించండి. కావలికి మూడు. ఉలవపాడుకు ఐదు. తెట్టుకు రెండు. సింగరాయకొండ వచ్చేసరికి పిల్లలు చప్పట్ల లెక్క తప్పి నవ్వుతారు, అదీ మంచిదే.

చప్పట్లు కుదిరాక మూడు ఆటలు ఆడండి. మొదటిది, ఒకే ముక్కతో మొదలయ్యే మాటలు: కాకి, కాలు, కాయ, కావలి. రెండోది, చివరి ముక్క అందుకోవడం: మీరు 'కావలి' అంటే పిల్ల 'లి'తో 'లింగం' అనాలి. మూడోది కాస్త కష్టం, కానీ చదువుకు అన్నిటికంటే దగ్గర: మాటలో ఒక ముక్క తీసి ఇంకొకటి పెట్టడం. 'వల'లో వ తీసి త పెడితే ఏమైంది? తల. క పెడితే? కల. నోటితో ఇది చేయగలిగిన పిల్లకు రేపు అక్షరాలు చూపిస్తే, తనకు తెలిసిన ఆటకు బొమ్మలు దొరికినట్టు ఉంటుంది. దీనికి నెలరోజులు పట్టినా తొందరపడవద్దు.

ఒక్క జాగ్రత్త. నెల్లూరు అన్న మాటను నోరు విరిచే తీరు వేరు, లిపి విరిచే తీరు వేరు. నోరు నెల్, లూ, రు అంటుంది. కాగితం మీద అది నె, ల్లూ, రు. పిల్లలు వత్తులు ఎగరగొట్టి 'నెలూరు' అని రాయడానికి కారణం చాలావరకు ఇక్కడే ఉంది, అది బద్ధకం కాదు. వాళ్ల చెవికి మొదటి ల్ ముందు ముక్కతో పోయింది, రాసేటప్పుడు దాన్ని వెనక్కి తెచ్చి తర్వాతి అక్షరం కింద వేలాడదీయాలి. పెద్దవాళ్లం మరిచిపోయాం గానీ ఇది చిన్న విషయం కాదు. కాబట్టి ఈ వయసులో వత్తు మాటలతో చప్పట్లు సరదాకే కొట్టించండి, అక్షరాల లెక్క అడగవద్దు.

ఆరు అక్షరాలు, పది మాటలు

ఇప్పుడు కన్ను. అ, ఆ, ఇ, ఈ నుంచి మొదలుపెట్టడం మనకు అలవాటు. ఆ వరస శబ్దశాస్త్రానికి ఎంతో గొప్పది. అయితే ఐదేళ్ల పిల్లకు దానితో వచ్చే చిక్కు ఏమిటంటే, మొదటి ఆరు అచ్చులు నేర్చుకున్నాక ఆ, ఈ తప్ప చదవడానికి మాట దొరకదు. నెల రోజులు అక్షరాలు మోసి, ఒక్క మాట కూడా చదవలేని పిల్లకు చదువంటే ఏమిటో ఎలా తెలుస్తుంది?

నేను వ, ల, త, క, డ, ప లతో మొదలుపెట్టేదాన్ని. ఈ ఆరింటితో గుణింతం లేకుండా, వత్తు లేకుండా వచ్చే మాటలు చూడండి: వల, తల, కల, వడ, కడవ, తడక, పలక, పడవ, పడక, కడప. మా సముద్రపు ఒడ్డు పిల్లలకు వల, పడవ ఇంటి వస్తువులు. మీరు మెట్ట ప్రాంతంలో ఉంటే గ, మ, ద, ర కూడా ముందుకు తెచ్చి గద, మడక, మర వంటి మాటలు అల్లుకోవచ్చు. అక్షరాలు ఏవైనా, పిల్ల చేత్తో ముట్టుకున్న వస్తువు పేరుతో మొదలవ్వాలి.

పని ఇలా సాగుతుంది. ఇంట్లో పడి ఉన్న పాత శుభలేఖల వెనక తెల్లవైపు ఒక్కో అక్షరం అరచేయంత పెద్దదిగా రాసి కత్తిరించండి. మొదటి రోజు రెండే ముక్కలు: వ, ల. పక్కపక్కన పెట్టి వేలు జరుపుతూ "వల" అని చదవండి. వల బొమ్మ గీయమనండి. ల, వ తారుమారు చేసి "లవ" అని చదివి, అలాంటి పేరు రాముడి కొడుకుకు ఉందని చెబితే పిల్లలు నమ్మలేనట్టు నవ్వుతారు. మూడో రోజు త వస్తుంది, వ స్థానంలో త పెడితే తల. నోటితో ఆడిన ఆటే ఇప్పుడు బల్ల మీద జరుగుతోంది. ఒక్కో అక్షరానికి రెండు మూడు రోజులు ఇవ్వండి, పాతవాటిని రోజూ కలిపి తిప్పండి.

ప ని చివర పెట్టడానికి కారణం ఉంది. ప, వ ఒకదానికొకటి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. వ తలకట్టు ఒంటికి అతుక్కుని ఉంటుంది, ప తలకట్టు అంటకుండా పైన నిలబడుతుంది. రెంటినీ ఒకే వారం చూపిస్తే నెల దాకా కలగాపులగం. ఒకటి బాగా కుదురుకున్నాక రెండోది తేవాలి. వ-మ, ద-డ, ఎ-ఏ, ఒ-ఓ జంటలకూ ఇదే లెక్క. వరస పటంలో ఎ-ఏ, ఒ-ఓ లు పక్కపక్కనే ఉన్నాయి కదా అని మీరూ పక్కపక్కన నేర్పనక్కర్లేదు.

పది మాటలు వచ్చాక న, గ, మ, ర, స, ద, చ, జ, ట, బ, తర్వాత అ, ఉ, ఆ, ఇ వంటి అచ్చులు అవసరం కొద్దీ కలుపుతూ పోవాలి. సున్నను తొందరగా తేవడం లాభం: గంప, పంట, వంట, గంట, కంప. ఠ, ఢ, ఝ, ఙ, ఞ లాంటివి పిల్లల మాటల్లో దాదాపు రావు. అవి రెండో తరగతిలో వస్తే కొంప మునగదు. పూర్తి వర్ణమాలను పాటగా పాడించండి, తప్పు లేదు, కానీ దాన్ని పాటగానే లెక్కించండి.

వీటితో పాటు పిల్ల తన పేరును మొదటి రోజు నుంచే చూస్తూ ఉండాలి. అన్నం కంచం పెట్టే చోట, చెప్పులు విడిచే చోట పేరు రాసి అంటించండి. పేరులో వత్తు ఉన్నా ఫరవాలేదు, అది బొమ్మలా గుర్తుంటుంది.

ఇసుక, ముగ్గు, పలక

అక్షరాభ్యాసంలో పళ్లెం నిండా బియ్యం పోసి వేలు పట్టి ఓం నమః శివాయ దిద్దిస్తాం. ఓనమాలు అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. ఆ పళ్లేన్ని ఆ ఒక్క రోజుతో అటక ఎక్కించడం నాకు అర్థం కాదు. వేలితో దిద్దడం అంత మంచి పద్ధతి. 18వ శతాబ్దం చివర్లో మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండ్ పాదిరి, మన వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి ముచ్చటపడి, ఆ పద్ధతిని తన బడిలో పెట్టుకున్నాడు. తర్వాత ఇంగ్లండుకూ మోసుకెళ్లాడు. పెన్నా ఇసుక పక్కన పెట్టుకుని మనం మూడేళ్ల పిల్ల చేతికి పెన్సిలు ఇస్తున్నాం.

చేతికి ముందు బలం రావాలి. చపాతీ పిండి పిసకడం, చిక్కుడు గింజలు ఒలవడం, బట్టలకు క్లిప్పులు పెట్టడం, పూలు గుచ్చడం, ఇవన్నీ రాతకు తాలీమే. గీతల విషయానికి వస్తే తెలుగులో నిలువు గీతలతో పని బాగా తక్కువ. తాటాకు మీద గంటంతో రాసే రోజుల్లో గీత గీస్తే ఆకు చీలిపోయేదనీ, అందుకే మన అక్షరాలు గుండ్రం తిరిగాయనీ పెద్దలు చెబుతారు. కాబట్టి ఇంగ్లీషు బడుల్లో చేయించే నిలువు గీతలు, అడ్డ గీతలు మన అక్షరాలకు అంతగా పనికిరావు. సున్నాలు, అరసున్నాలు, అలలు, కొక్కేలు, నత్తగుల్ల చుట్లు గీయించాలి. అన్నిటికంటే మెలికల ముగ్గు మేలు. చుక్క చుట్టూ తిరిగి, ఇంకో చుక్క దాటి, మొదలుపెట్టిన చోటికి చేరడం అంటే అక్షరం రాయడమే. మా బడిలో సంక్రాంతి ముందు పలకల మీద మూడు చుక్కల ముగ్గులు వేయించేదాన్ని. మగపిల్లలు మొదట సిగ్గుపడి, తర్వాత పోటీ పడేవారు.

తర్వాత పలక. మార్కాపురం రాతిపలకలు ఒకప్పుడు దేశంలో ఎక్కడెక్కడికో వెళ్లేవి. ఇప్పుడు ప్లాస్టిక్ పలకలు వచ్చాయి, వాటి మీద బలపం జారుతుంది. రాతిపలక కాస్త గరుకుగా ఉండి బలపాన్ని పట్టి నిలుపుతుంది, తన చేయి ఎటు పోతోందో పిల్లకు తెలుస్తుంది. దొరికితే అదే కొనండి. బలపాన్ని విరిచి అంగుళం ముక్క ఇవ్వండి. పొడవాటి బలపాన్ని పిల్లలు గుప్పిట పడతారు. చిన్న ముక్కను బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలుతో పట్టుకోక తప్పదు. పట్టు గురించి మీరు ఉపన్యాసం ఇవ్వనవసరం లేదు. బలపాలు తినే పిల్లలు కనబడితే తిట్టకుండా డాక్టరుకు చూపించండి, రక్తం తక్కువైన పిల్లల్లో ఆ అలవాటు కనిపిస్తుంది.

చదవగలిగిన మాటనే రాయించాలి. ఇది నా దగ్గర తిరుగులేని నియమం. 'వల' చదివిన పిల్ల 'వల' రాస్తుంది, రెండుసార్లు, మూడుసార్లు. ఇరవై సార్లు రాయిస్తే ఐదోసారి నుంచి కన్ను పని చేయడం మానేస్తుంది, ఒట్టి చేయే తిరుగుతుంది. ఎడమచేత్తో రాసే పిల్ల చేయి మార్చవద్దు. ఐదారేళ్ల దాకా అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడినా కంగారు పడవద్దు.

గుణింతం: ఒక్కో అక్షరం కాదు, ఒక్కో గుర్తు

క కా కి కీ అని ఒక్కో అక్షరానికి పన్నెండు రూపాలు రాయించుకుంటూ పోతే పిల్లలకు మళ్లీ పాటే వస్తుంది. 'కూ' చూపిస్తే మళ్లీ క దగ్గర నుంచి మొదలుపెడతారు. నేను గుర్తును పట్టుకునేదాన్ని. ఈ వారం దీర్ఘం ఒక్కటే, తెలిసిన అక్షరాలన్నిటికీ. తాత, పాత, పాక, పాప, వాడ, కాలవ. తర్వాతి వారం గుడి: కాకి, పిలక. ఆ వారం చివర్న పిల్లలకు తెలియకుండానే ఒక పెద్ద మాట దొరుకుతుంది: కావలి. క కు దీర్ఘం, వ, ల కు గుడి. రైలు స్టేషన్లో పసుపు పలక మీద ఉన్న మాటను మొదటిసారి తానే చదివిన పిల్ల ముఖం చూడాలి.

కొమ్ము వచ్చాక పులి, తాడు, పాలు, తలుపు, పులుపు. ఇప్పుడు ఉ ఒక్క అక్షరం కలిపితే ఉలవపాడు వచ్చేసింది. మొదటి ఆరు అక్షరాల్లోంచే ఆ ఊరు లేచి నిలబడింది, కావాలంటే విడదీసి చూసుకోండి. ఊరి పేరు చదివిన ఆనందానికి అక్కడి సపోటాలు కొనిపెట్టండి.

వరసలో ఇమడని రూపాలు కొన్ని ఉన్నాయి, వాటిని దాచకుండా చెప్పేయాలి. వ పక్కన కొమ్ము పెడితే మ అయిపోతుంది, అందుకే 'వు' లో కొమ్ము కిందికి దిగింది. 'మొ', 'యొ' లు మిగతా ఒత్వాల్లా ఉండవు, మె, యె పక్కన కొమ్ము పెట్టినట్టు ఉంటాయి. హ దీర్ఘం కూడా తన దారి తనది. అలాగే ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ లకు తలకట్టు ఉండదు. ల మీద తలకట్టు పెట్టే పిల్లను తిట్టకండి, మిగతా వాటన్నిటికీ ఉంది కదా అని దానికీ పెట్టింది. అంటే ఆలోచించింది.

వత్తులు: ఇంట్లోవాళ్లతో

వత్తులకు రెండో తరగతి సరైన కాలం. వాటిలో క, త, న, మ, య, ర, ల ల వత్తులు అసలు అక్షరాన్ని పోలవు. ఈ ఏడింటిని విడిగా నేర్పాలి. మన అదృష్టం కొద్దీ అవి ఇంట్లోనే ఉన్నాయి: అక్క, అత్త, అన్న, అమ్మ, అయ్య. మిగిలిన రెంటికీ బుర్ర, పిల్ల. చాలావరకు మిగిలిన వత్తులు తలకట్టు తీసేసిన అక్షరాలే కాబట్టి అవ్వ, పప్పు, ఉప్పు, గడ్డి చూపిస్తే పిల్లలే కనిపెడతారు. ఆపైన నిమ్మ, రొయ్య, నెల్లూరు. సంయుక్తాక్షరాలు, అంటే పుస్తకం, చంద్రుడు లాంటివి, అక్క, అన్న లాంటి ద్విత్వాలు గట్టిపడ్డాకే.

పిల్లల మాటే వాచకం

మాటలు చదవడం వచ్చిన పిల్లకు వెంటనే వాక్యాలు కావాలి. ఒకరోజు మా బడి పిల్ల ఒకతె పొద్దున్నే వచ్చి చెప్పిన సంగతిని నల్లబల్ల మీద అలాగే రాశాను: "తాత వల వేశాడు. చేప పడలేదు. తాత తిట్టాడు." ఎవర్ని తిట్టాడు అని అడిగితే "సముద్రాన్ని" అంది. అది కూడా రాశాను. ఆ పిల్లకు 'శా' రాదు, 'చే' అప్పుడప్పుడే వస్తోంది, 'ట్టా', 'ద్రా' గురించి అసలు చెప్పలేదు. అయినా నాలుగు వాక్యాలూ చదివింది, తన మాటలే కాబట్టి. తర్వాత తరగతంతా చదివింది. వాచకంలోని ఏ పాఠానికీ అంత గొంతు లేవలేదు. ఇంట్లో కూడా రోజుకు రెండు వాక్యాలు ఇలా రాసి, ఒక నోటుపుస్తకంలో దాచండి. నెలకు అదే కథలపుస్తకం అవుతుంది.

పిల్ల సొంతంగా రాసేటప్పుడు 'ఎక్కడ' అనడానికి 'యాడ' అని రాస్తే కొట్టేయకండి. విన్నదాన్ని విన్నట్టు రాయగలిగింది, అది పెద్ద పని. పుస్తకంలో ఇలా ఉంటుందని పక్కన రాసి చూపిస్తే చాలు. తప్పులు దిద్దాలనిపించినప్పుడు ఒక్కటి ఎంచుకుని అదే చెప్పండి.

ఎంత సేపు, ఎంత కాలం

రోజుకు పావుగంట, అదీ ఒకే వేళకు. పిల్ల ఆపమనకముందే మీరు ఆపాలి. రాత్రి పడుకునే ముందు మరో పది నిమిషాలు మీరు చదివి వినిపించండి, పిల్ల చేత చదివించకుండా. చదువు రాని అవ్వ అయితే కథ చెప్పినా అదే ఫలితం. ఐదేళ్లు నిండిన పిల్లకు గుణింతం, వత్తు లేని అక్షరాలకు మూడు నెలలు, గుణింతాలకు ఇంకో నాలుగైదు నెలలు సాధారణంగా పడతాయి. పక్కింటి పిల్లతో పోల్చి తొందరపెట్టే వారికి ఒక మాట: 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే మెట్టుగా లెక్కించింది. 2021 జులైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా అర్థం చేసుకుని చదవడానికి మూడో తరగతి చివరి దాకా సమయం ఇచ్చింది. ఎల్‌కేజీ పిల్ల పేజీ నింపకపోతే ఏదీ మించిపోలేదు.

బడిలో ఇంగ్లీషు ఉంటే ఉండనివ్వండి. ఇంట్లో మాట్లాడే భాషలో ఒకసారి చదవడం వస్తే, రెండో లిపి తేలికవుతుంది. రెంటినీ ఒకే గంటలో మాత్రం కలపవద్దు.

రెండో తరగతి పూర్తవుతున్నా తెలిసిన అక్షరాలు రోజూ మరిచిపోతుంటే, మొద్దు అనే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. నా తరగతిలో ఏడాదిపాటు వెనకబడిన ఒక పిల్ల, కళ్లద్దాలు వచ్చిన వారానికే నల్లబల్ల చదివింది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు, అంగన్‌వాడీలకు వైద్య బృందాలు వస్తాయి, ఆ రోజు పిల్లను బడికి తప్పకుండా పంపండి. కళ్లు, చెవులు బాగున్నా చదువు పట్టుబడకపోతే అభ్యసన లోపం ఉందేమో నిపుణులతో చూపించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని కూడా గుర్తించింది, పరీక్షల్లో వెసులుబాట్లు కూడా ఉన్నాయి.

మొదట చెప్పిన పిల్లవాణ్ణి నేను పటం వైపు చూడనివ్వలేదు, వాడి చేత వర్ణమాల పాడించలేదు. శుభలేఖ ముక్కలతో వల దగ్గర మొదలుపెట్టాం. రెండో తరగతి దసరా సెలవులకు ముందు, నా బల్ల మీద ఒక చీటీ పెట్టి పోయాడు. "రేపు రాను టీచర్. మా అవ్వ నెలూరు ఆసుపత్రి లో ఉంది." ఎవరూ రాయించలేదు, ఎక్కడా చూసి రాయలేదు. ల వత్తు సంగతి వాడు తిరిగి వచ్చాక మాట్లాడుకున్నాం.